కావలి లాయరు కౌన్సిలర్‌గా పోటీ చేయాలంటే ముందు ఏవేవి వదులుకోవాలి? ప్రాక్టీసు సాగుతుందా?

కావలి_జూనియర్:

అందరికీ నమస్కారం. మా ఆఫీసులో ఒక అక్క తొమ్మిదేళ్ళుగా ప్రాక్టీసు చేస్తున్నారు. ఎక్కువగా సివిల్ దావాలు, కొంచెం క్రిమినల్. మునిసిపాలిటీకి స్టాండింగ్ కౌన్సిల్‌గా, అంటే దాని కేసులు ఫీజు తీసుకుని వాదించే లాయరుగా కూడా ఉన్నారు. ఈసారి కౌన్సిలర్‌గా నిలబడమని వార్డువాళ్ళు అడుగుతున్నారు, ఆమెకూ ఇష్టమే. బార్ అసోసియేషన్‌లో అడిగితే ఒకరు గెలిస్తే సనదు (లాయరుగా ప్రాక్టీసు చేసే లైసెన్సు) సస్పెండ్ చేయించుకోవాలంటారు, ఇంకొకరు ఏమీ అక్కర్లేదంటారు. నాకు తెలియాల్సినవి ఇవి. గెలిచాక కోర్టుకు రావచ్చా? స్టాండింగ్ కౌన్సిల్ పని ఎప్పుడు మానుకోవాలి, నామినేషన్‌కు ముందా, గెలిచాకా? తర్వాత ఎప్పుడైనా పీపీగానో (పబ్లిక్ ప్రాసిక్యూటర్) జీపీగానో (గవర్నమెంట్ ప్లీడర్) రావాలనుకుంటే ఈ రాజకీయం అడ్డమవుతుందా? నిబంధన ఏమిటో, ఎక్కడ దెబ్బ తగులుతుందో తెలిసినవాళ్ళు చెప్పండి.

సింహపురి_వకీలు:

తమ్ముడూ, మొదటి ప్రశ్నకు జవాబు సులువు. కోర్టుకు రావచ్చు. సనదు సస్పెండ్ చేయించుకోనక్కర్లేదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూల్సులో 49వ రూల్ ఆపేది పూర్తికాలం జీతానికి పనిచేసే ఉద్యోగిని. కౌన్సిలర్‌కూ సర్పంచ్‌కూ వచ్చేది గౌరవ వేతనం, వాళ్ళ మీద యజమాని అంటూ ఎవరూ లేరు. ఎమ్మెల్యేలు, ఎంపీలు ప్రాక్టీసు చేయకూడదని అశ్వినీ కుమార్ ఉపాధ్యాయ్ వేసిన కేసును సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 25న కొట్టేసింది. చట్టసభ సభ్యులు జీతభత్యాలు తీసుకుంటున్నా పూర్తికాలం ఉద్యోగులు కారు, 49వ రూల్ వాళ్ళకు వర్తించదు అని తేల్చింది. ఎమ్మెల్యేకే లేని అడ్డం కౌన్సిలర్‌కు ఎక్కడినుంచి వస్తుంది?

అసలు చిక్కు రెండో ప్రశ్నలో ఉంది. బార్‌లో చాలామంది పట్టించుకోనిదీ అదే. 1965 నాటి మన మునిసిపాలిటీల చట్టంలో లాయర్ల కోసమే ఒక అనర్హత ఉంది. కౌన్సిల్ తరఫున ఫీజు తీసుకుని వాదించే లాయరు గానీ, కౌన్సిల్‌కు ఎదురుగా వకాల్తా పుచ్చుకున్న లాయరు గానీ సభ్యత్వంలో ఉండకూడదు. పంచాయతీరాజ్ చట్టంలో గ్రామ పంచాయతీకీ ఇలాంటి నిబంధనే ఉంది. ఎందుకో తేలిగ్గానే అర్థమవుతుంది. బయట అదే సంస్థ మీద దావా నడుపుతూనో, అదే సంస్థ దగ్గర ఫీజు తీసుకుంటూనో ఉన్న మనిషి లోపల కూర్చుని ఓటు వేయకూడదు. కాబట్టి అక్క స్టాండింగ్ కౌన్సిల్ పని నామినేషన్‌కు ముందే మానుకోవాలి. గెలిచాక చూద్దాంలే అంటే కుదరదు.

మానుకోవడం అంటే ఒక కాగితం రాసి కమిషనర్ టేబుల్ మీద పెట్టి రావడం కాదు. రాజీనామా రెండు ప్రతులు రాయాలి, రెండో ప్రతి మీద ఇన్‌వార్డ్ నంబరు, తేదీ, సీలు వేయించుకోవాలి. నియామకం కౌన్సిల్ తీర్మానంతో జరిగి ఉంటే రాజీనామాలో ఆ తీర్మానం నంబరు పేర్కొనాలి. చేతిలో ఉన్న కేసులన్నిటికీ ఒక పట్టిక తయారు చేయాలి: కేసు నంబరు, ఏ కోర్టు, ఏ దశలో ఉంది, తర్వాతి వాయిదా ఎప్పుడు, ఒరిజినల్ కాగితాలు ఏమేం ఉన్నాయి. కట్టలు అప్పగించి ఆ పట్టిక మీదే సంతకం తీసుకోవాలి. రావలసిన ఫీజు బాకీ ఉంటే అది పాత పనికి సంబంధించినదనీ, ఇకమీదట ఏ ఒప్పందమూ లేదనీ రాజీనామాలోనే రాయాలి. లేకపోతే మునిసిపాలిటీతో కాంట్రాక్టు ఇంకా నడుస్తోందని ఎదుటివాళ్ళు అభ్యంతరం పెడతారు.

ఆ తర్వాత చేయాల్సింది కోర్టులో ఉంది, దాన్ని మరిచిపోతేనే మునుగుతారు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 3 రూల్ 4 ప్రకారం ఒకసారి వేసిన వకాల్తా, కోర్టు అనుమతితో రాతపూర్వకంగా రద్దయ్యేదాకా అమల్లోనే ఉంటుంది. కమిషనర్ ఆఫీసులో రాజీనామా అంగీకరించినా, ప్రతి దావాలో విడిగా మెమో వేసి అనుమతి తీసుకోకపోతే రికార్డులో మునిసిపాలిటీ లాయరుగా ఆమె పేరే కనిపిస్తూ ఉంటుంది. స్క్రూటినీ (నామినేషన్ల పరిశీలన) రోజున ఎదుటి అభ్యర్థి మనిషి ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులోంచి ప్రింటు తీసి రిటర్నింగ్ ఆఫీసరు ముందు పెడతాడు. అప్పుడు రాజీనామా ఒక్కటే చూపిస్తే వాదన అవుతుంది, అనుమతి ఆర్డరు నకలు చూపిస్తే అక్కడితో అయిపోతుంది. ఆర్డరు వచ్చాక కోర్టు సెక్షన్‌లో అడిగి కంప్యూటర్ రికార్డులో కూడా పేరు మార్పించండి. ఆర్డరు ఉన్నా రికార్డు పాతదే ఉండిపోవడం మామూలే.

ఇదంతా నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే కుదరదు. నామినేషన్ల గడువు కొద్ది రోజులే, ఆ రోజుల్లోనే కోర్టు సెలవులూ పడవచ్చు. కనీసం రెండు నెలల ముందు మొదలుపెట్టమనండి.

కౌన్సిల్‌కు ఎదురుగా ఉన్న కేసుల్లోంచి తప్పుకోవడం ఇంకాస్త సున్నితం. అక్కడ క్లయింటు మామూలు మనిషి. తగిన కారణం, తగినంత నోటీసు లేకుండా కేసు వదలకూడదని బార్ కౌన్సిల్ 12వ రూల్. చేయని పనికి తీసుకున్న ఫీజు తిరిగి ఇవ్వాలి. సాక్ష్యం నడుస్తున్న దావా అయితే ఇంకో లాయరును కుదిర్చి, కట్ట ఇచ్చి, ఆయన వకాల్తా పడ్డాకే బయటికి రావడం ధర్మం.

గుండ్లకమ్మ:

నామినేషన్ దగ్గర జరిగే పొరపాట్ల గురించి రాస్తాను. లాయర్లే ఎక్కువ చేస్తారు, మాకు తెలుసులే అనే ధీమాతో.

అభ్యర్థి ఆ మునిసిపాలిటీ ఓటరుగా ఉంటే చాలు, పోటీ చేసే వార్డులోనే ఓటు ఉండనక్కర్లేదు. ప్రతిపాదించే మనిషికి మాత్రం ఆ వార్డులోనే ఓటు ఉండాలి. ఓటరు జాబితాలో వరుస నంబరు పాత జాబితా చూసి రాస్తారు, నోటిఫికేషన్ నాటికి తాజా జాబితా వచ్చి నంబర్లు జరిగిపోయి ఉంటాయి. నామినేషన్ ముందురోజు తాజా జాబితా పేజీ నకలు తీసుకుని దాన్ని చూసి నింపండి.

మునిసిపాలిటీకి బాకీ ఉంటే అనర్హత. బిల్లో నోటీసో అంది, అందులో చెప్పిన గడువు దాటిపోయి ఉంటే ఇది వర్తిస్తుంది. ఇంటిపన్ను, నీటి పన్ను, ఆఫీసు గది మీద పన్ను, ఖాళీ స్థలం ఉంటే దాని మీద పన్ను, అన్నీ కట్టి బాకీ లేదని కాగితం తీసుకోవాలి. ఇల్లు ఇంకా తండ్రి పేరునో మామగారి పేరునో ఉంటే అది వాళ్ళ బాకీయే, అయినా కట్టేయండి. స్క్రూటినీ బల్ల దగ్గర ఆ వాదన పెట్టుకోవడం ఎందుకు?

అఫిడవిట్‌లో ఏ గడీ ఖాళీగా వదలకూడదు. వర్తించనిచోట గీత కొట్టి వదిలేయకండి, 'లేదు' అనో 'వర్తించదు' అనో రాయండి. రిసర్జెన్స్ ఇండియా కేసులో 2013లో సుప్రీంకోర్టు, ఖాళీలతో ఇచ్చిన అఫిడవిట్‌కు విలువ లేదని, గుర్తు చేసినా నింపకపోతే నామినేషన్ తిరస్కరించవచ్చని చెప్పింది. భర్త ఆస్తులు, బంగారం, చిట్టీలు, చేబదుళ్ళు కూడా రాయాలి. పెండింగ్ కేసుల దగ్గర ఆమె లాయరుగా నడిపేవి కాదు, ఆమె మీద ఉన్నవి రాయాలి. ధర్నాలో పాల్గొన్నందుకు కట్టిన చిన్న కేసు కూడా రాయాల్సిందే.

రిజర్వుడు వార్డు అయితే కుల ధ్రువీకరణ పత్రం సిద్ధంగా ఉండాలి. స్థానిక సంస్థల్లో సగం సీట్లు మహిళలకే కాబట్టి, వార్డుల రిజర్వేషన్ ఖరారయ్యేదాకా ఒకే వార్డు మీద ఆశ పెట్టుకోవద్దనండి. ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీ చేయకూడదన్న నిబంధన గురించి ఇప్పటికీ చాలామంది అడుగుతున్నారు. 2024 నవంబరులో శాసనసభ ఆమోదించిన సవరణలతో అది పోయింది.

నామినేషన్ అన్యాయంగా తిరస్కరిస్తే హైకోర్టుకు పరుగెత్తడం లాయర్ల మొదటి ఆలోచన. రాజ్యాంగం 243-జెడ్‌జీ అధికరణం దానికి అడ్డం. మునిసిపల్ ఎన్నికను ఎన్నికల పిటిషన్ ద్వారా తప్ప ప్రశ్నించడానికి వీల్లేదు. పంచాయతీలకు 243-ఓ. అంటే ఫలితం వచ్చాక ట్రిబ్యునల్ దగ్గర తేలాలి, ఈలోగా పదవీకాలం కరిగిపోతూ ఉంటుంది. అందుకే అభ్యంతరం రాకముందే కాగితాలు కట్టుదిట్టం చేసుకోవాలి.

ఖర్చుల లెక్క ఓడినవాళ్ళు కూడా ఇవ్వాలి, ఫలితం వచ్చిన 45 రోజుల్లో. ఓడిపోయాం కదా ఇంకెందుకు అని వదిలేసి, మూడేళ్ళ అనర్హత తెచ్చుకుని, తర్వాతి ఎన్నికలో నిలబడలేకపోయేవాళ్ళు ఉంటారు. మొదటి రోజునుంచే విడిగా బ్యాంకు ఖాతా, బిల్లుల ఫైలు పెట్టుకుంటే ఆ బాధ ఉండదు.

ట్రంకురోడ్డు:

మూడో ప్రశ్నకు నేను రాస్తాను. అందులో నాలుగు దారులు కలిసిపోయి ఉన్నాయి, ఒక్కోదాని స్వభావం వేరు.

ఏపీపీ, అంటే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్, పూర్తిగా సర్కారు ఉద్యోగం. మేజిస్ట్రేట్ కోర్టుల్లో ప్రాసిక్యూషన్ నడుపుతారు. పోలీసు రిక్రూట్‌మెంట్ బోర్డు పరీక్ష పెడుతుంది, నెల జీతం వస్తుంది, ప్రవర్తన నియమావళి ఉంటుంది. ఆ ఉద్యోగంలో చేరితే పార్టీ, ఎన్నిక రెండూ బంద్. జూనియర్ సివిల్ జడ్జి కూడా అంతే. దానికి మూడేళ్ళ ప్రాక్టీసు తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2025 మే 20న మళ్ళీ తీసుకొచ్చింది. జిల్లా జడ్జిగా నేరుగా వెళ్ళాలంటే 233వ అధికరణం కింద ఏడేళ్ళు. అక్కకు తొమ్మిదేళ్ళు ఉన్నాయి కాబట్టి ఆ తలుపు ఇంకా తెరిచే ఉంది, వయసు పరిమితి చూసుకోవాలి. ఒకప్పుడు రాజకీయాల్లో ఉన్నారన్న ఒక్క కారణంతో న్యాయమూర్తి పదవి మూసుకుపోదు. వి.ఆర్.కృష్ణయ్యర్ తలశ్శేరిలో ప్రాక్టీసు చేసి, 1957లో కేరళ మంత్రి అయి, 1968లో హైకోర్టుకూ 1973లో సుప్రీంకోర్టుకూ వెళ్ళారు. జడ్జిగా ఉంటూ రాజకీయం కుదరదు, అంతే.

సెషన్స్ కోర్టు పీపీ, అదనపు పీపీ సంగతి వేరు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (క్రిమినల్ కేసుల విధానం చెప్పే చట్టం) 18వ సెక్షన్ ప్రకారం ఏడేళ్ళ ప్రాక్టీసు ఉండాలి. సెషన్స్ జడ్జిని సంప్రదించి కలెక్టరు ప్యానెల్ పంపుతారు, అందులోంచి ప్రభుత్వం నియమిస్తుంది. జీపీలకు, ఏజీపీలకు (అసిస్టెంట్ గవర్నమెంట్ ప్లీడర్లు) 2000 నాటి లా ఆఫీసర్ల సూచనలు, అంటే జీవో 187, వర్తిస్తాయి. మామూలుగా మూడేళ్ళ కాలం. ప్రభుత్వం మధ్యలో తీసేయవచ్చు, కొనసాగించమని అడిగే హక్కు ఉండదు. పొడిగింపు హక్కు కాదని జోహ్రీమల్ కేసులో 2004లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వం మారినప్పుడు ఈ కుర్చీలూ మారతాయని నెల్లూరు కోర్టులోనైనా ఒంగోలు కోర్టులోనైనా అందరికీ తెలిసిందే. కాబట్టి ఇక్కడ రాజకీయం అడ్డం కాదు, చాలాసార్లు అదే దారి. నా అభిప్రాయం మాత్రం వేరు. సెషన్స్ విచారణలు సొంతంగా నడిపిన అనుభవం లేకుండా పార్టీ సిఫారసుతో పీపీ కుర్చీలో కూర్చుంటే నష్టపోయేది బాధితులు. సాక్షి అడ్డం తిరిగినప్పుడు ఎక్కడ హోస్టైల్ (ప్రతికూల సాక్షి) అని ప్రకటించాలో, ఏ పాయింటు మీద అడగాలో తెలియకపోతే కేసు అక్కడే పోతుంది. కౌన్సిలర్‌గా ఉన్న అయిదేళ్ళూ అక్కను క్రిమినల్ పని పెంచుకోమనండి.

జీపీగానో పీపీగానో ఉండి పోటీ చేయాలంటే ముందు రాజీనామా, దాని ఆమోదం, రెండూ స్క్రూటినీ తేదీకల్లా చేతిలో ఉండాలి. అది లాభదాయక పదవి, కాబట్టి పోటీకి అనర్హత అన్న వాదన వస్తుంది. 1969లో కాంతా కథూరియా కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ, ఒక్క కేసు కోసం వేసిన ప్రత్యేక ప్రభుత్వ న్యాయవాదిది పదవి కాదంది. దాన్ని చూపించి రెగ్యులర్ జీపీ ధైర్యం చేయడం మంచిది కాదు. ఆ తీర్పులోనే న్యాయమూర్తులు ఏకాభిప్రాయంతో లేరు.

మునిసిపల్ పదవి, ప్రాక్టీసు రెండూ కలిసి నడవడం మన వైపువాళ్ళకు కొత్త కాదు. వినోదరాయునిపాలెంలో పుట్టిన టంగుటూరి ప్రకాశం రెండో తరగతి ప్లీడరుగా రాజమండ్రిలో ప్రాక్టీసు చేస్తూనే అక్కడ మునిసిపల్ ఛైర్మన్ అయ్యారు. రెండో తరగతి ప్లీడరుకు హైకోర్టులో వాదించే అర్హత లేకపోవడంతో లండన్ వెళ్ళి బారిస్టరై, 1907లో మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు. సహాయ నిరాకరణలో 1921లో ఆ ప్రాక్టీసునూ వదిలేశారు.

కావలి_జూనియర్:

చాలా ధన్యవాదాలు సార్. ఆర్డర్ 3 రూల్ 4 సంగతి మేమెవరం ఆలోచించలేదు. ఇంకో రెండు. వార్డులో ఎవరినైనా పోలీసులు తీసుకెళ్తే ముందు అక్కకే ఫోన్ చేస్తారు. జామీను సంతకం కూడా ఆమెనే పెట్టమంటారు. గెలిచాక ఇది ఇంకా ఎక్కువవుతుంది కదా? ఫ్లెక్సీల మీద 'అడ్వకేట్' అని వేయించవచ్చా?

సింహపురి_వకీలు:

జామీను సంతకం మాత్రం పెట్టనివ్వకండి. తన క్లయింటుకు లాయరు జామీనుదారుగా ఉండకూడదు, ఇంకొకరు ఇచ్చే జామీను గట్టిదని ధ్రువీకరించనూ కూడదు. బార్ కౌన్సిల్ 10వ రూల్ ఇది. ఇవాళ క్లయింటు కాని మనిషికి జామీను పెట్టినా, రేపు ఆ కేసే ఆమె దగ్గరికి వస్తుంది, అప్పుడు పట్టుకోలేరు. పైగా సురక్షా సంహిత 486వ సెక్షన్ కింద, అంతకుముందు ఎంతమందికి జామీను ఇచ్చిందీ ప్రతి జామీనుదారూ ప్రకటించాలి. కౌన్సిలర్ పేరు పదిమంది నిందితుల జామీను కాగితాల మీద ఉంటే అది ఆమెకూ మంచిది కాదు, అడిగిన మనిషికీ పనికిరాదు. చేయగలిగింది ఏమిటంటే, జామీనుదారుకు ఏమేం కావాలో ముందే చెప్పి పంపడం. ఆధార్, ఇంటిపన్ను రసీదు, కోర్టు అడిగితే ఆస్తి విలువ చూపే కాగితం. అది లేకే మనుషులు సాయంత్రం దాకా కోర్టు వరండాలో కూర్చుంటారు.

స్టేషన్‌లో ఇంకో గుంట ఉంది. పోలీసులు స్వాధీనం పంచనామా రాసేటప్పుడు అందుబాటులో ఉన్న పెద్దమనిషి అని కౌన్సిలర్‌ను మధ్యవర్తిగా సంతకం పెట్టమంటారు. పెడితే ఆమె సాక్షి. సాక్షిగా పిలవడానికి అవకాశం ఉన్న కేసులో లాయరుగా హాజరు కాకూడదని 13వ రూల్. మర్యాదకోసం పెట్టిన ఒక్క సంతకంతో కేసు పోతుంది.

అంతకన్నా లోతైన సంగతి రహస్యం. లాయరుగా ఉన్నప్పుడు క్లయింటు చెప్పిన మాటకు భారతీయ సాక్ష్య అధినియం 132వ సెక్షన్ రక్షణ ఉంది. కౌన్సిలర్‌గా ఇంటి అరుగు మీద పదిమంది మధ్య విన్నదానికి ఆ రక్షణ లేదు. నేరుగా స్టేషన్‌నుంచి ఫోన్ వచ్చినప్పుడు మొదట అడగాల్సింది, లాయరుగా రమ్మంటున్నారా అని. అవునంటే వకాల్తా మీద సంతకం తీసుకుని, తక్కినవాళ్ళను బయట ఉంచి మాట్లాడాలి. కాదంటే వివరాలు అడగకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ డిఫెన్స్ కౌన్సిల్ ఆఫీసుకు పంపాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా అక్కడ ఉచిత సాయం దొరుకుతుంది. మండల స్థాయి కమిటీ కోర్టు ఆవరణలోనే ఉంటుంది.

ఫ్లెక్సీ గురించి. 36వ రూల్ లాయరు ప్రత్యక్షంగానో పరోక్షంగానో పని రాబట్టుకునే ప్రచారాన్ని నిషేధిస్తుంది. పేరు కింద చదువు బి.ఎల్. అని వేస్తే ఎవరూ అనరు. 'మీ వార్డు లాయరు, ఏ కేసైనా సంప్రదించండి' అని ఆఫీసు ఫోన్ నంబరు వేస్తే ఫిర్యాదు ఖాయం. ఎన్నికల ఫోను, ఆఫీసు ఫోను వేరువేరుగా ఉండాలి. గెలిచాక ఆఫీసు బోర్డు మీద 'కౌన్సిలర్' అని రాయించకండి. ఏ సంస్థతో సంబంధం ఉన్నట్టూ నేమ్‌ప్లేటు సూచించకూడదని అదే రూల్ చెబుతుంది.

పెన్నా_గట్టు:

ఒక చిన్న చేర్పు. మునిసిపాలిటీలో పార్టీ గుర్తు మీద పోటీ, ఛైర్మన్‌ను కౌన్సిలర్లు ఎన్నుకుంటారు. సర్పంచ్ ఎన్నిక పార్టీ గుర్తు లేకుండా, నేరుగా ఓటర్లతో జరుగుతుంది. అక్కకు సొంత ఊళ్ళో ఓటు ఉండి, పార్టీ ముద్ర వద్దనుకుంటే సర్పంచ్ దారి కూడా ఆలోచించండి. 2021లో సర్పంచ్‌కు డిపాజిట్ 3,000, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 1,500. ఖర్చు పరిమితి పదివేలకు పైబడిన జనాభా ఉన్న పంచాయతీలో 2.5 లక్షలు, మిగతాచోట్ల 1.5 లక్షలు. కానీ సర్పంచ్ పని కౌన్సిలర్ పనికన్నా ఎన్నో రెట్లు. చెల్లింపుల మీద సంతకం తనది, ఆడిట్ అభ్యంతరాలకు జవాబు తనది, నిధుల దుర్వినియోగం అంటే పంచాయతీరాజ్ చట్టం 249వ సెక్షన్ కింద కలెక్టరు తొలగించవచ్చు. రోజూ పొద్దున కోర్టులో ఉండే లాయరుకు వార్డు కౌన్సిలరే నయం.

కావలి_జూనియర్:

అర్థమైంది అన్నా. చివరిగా ఒకటి. మా ఆఫీసులో వకాల్తాల మీద సీనియర్ గారి పేరు, అక్క పేరు, నా పేరు కలిపి ముద్ర వేస్తాం. ఆమె గెలిచాక మునిసిపాలిటీ మీద దావా మా ఆఫీసుకు వస్తే?

సింహపురి_వకీలు:

కలిపి ఉన్న వకాల్తాలో ఆమె పేరు ఉంటే అది ఆమె వకాల్తాయే, వాదించింది ఎవరైనా. ఎన్నికకు ముందే ఆ రబ్బరు స్టాంపు మార్పించండి, ఆమె పేరుతో వేరే స్టాంపు చేయించండి. పాత కేసుల్లో ఏవేవి మునిసిపాలిటీవో గుమాస్తా చేత డైరీలోంచి ఒకటొకటిగా తీయించి, అన్నిటిలోనూ మెమోలు వేయండి. గెలిచాక మునిసిపాలిటీ మీద కొత్త దావా వస్తే ఆఫీసు మొత్తంగా తీసుకోకపోవడమే మంచిది. ఆమె అదే గదిలో కూర్చుంటూ, మీరు అదే కౌన్సిల్ మీద ఇంజంక్షన్ అడిగితే ఫిర్యాదు రాసేవాళ్ళకు ఆ గది చిరునామా ఒక్కటే చాలు. ఇక ఆఫీసు క్లయింటుకు సంబంధించిన బిల్డింగ్ ప్లానో, షాపు లీజో కౌన్సిల్ అజెండాలోకి వస్తే ఆమె ముందుగానే ఛైర్మన్‌కు రాసి ఇచ్చి, ఆ అంశం వరకు బయటికి వెళ్ళి, అలా వెళ్ళినట్టు మినిట్స్‌లో రాయించుకోవాలి. ఆ మినిట్స్ నకలు తనదగ్గర ఒకటి పెట్టుకోవాలి.